లొట్టికి కట్టిన చెప్పు

మా మేనత్త పోయిన నెల కన్నుమూసింది. నేను పాఠాలు చెప్పే నడిగూడెం బడికి కబురు తెచ్చిన మనిషి వరండాలోనే ఆగి, "మీ అత్త ఇగ లేదు పంతులమ్మా" అన్నాడు. చేతిలో సుద్దముక్కతోనే బస్సెక్కాను. మా ఇంట్లో నాకు ముందు బడి మెట్టెక్కినవాళ్లు లేరు. నన్ను ఎక్కించింది ఆమె, ఆమె జామతోట.

గరిడేపల్లి దారిలో జామపండ్లు కొన్నవాళ్లు మీలో ఉంటే ఆమెను చూసే ఉంటారు. కాళ్లకు టైరు చెప్పులు, నడుముకు వడిసెల. దానితో చిలకల మీదికి మట్టి ఉండలు విసిరేది. చిలకను కొట్టేది కాదు, అది వాలిన కొమ్మను కొట్టేది. "బెదిరిస్తే సాలు బిడ్డా. అది గూడ తినాలె గద" అనేది.

పండు ఈగ మీద మాత్రం జాలి లేదు. వానకాలంలో ఆ ఈగ కాయను పొడిచి లోపల గుడ్లు పెడుతుంది. పైకి నున్నగా ఉన్న పండును విప్పితే పురుగులు. ఒక ఏడు సగం తోట అట్లా రాలిపోయింది. మరుసటి ఏడు గ్రామసేవకుడు చెప్పినట్టు ఎర కలిపింది. పులిసిన కల్లు, బెల్లం, అందులో పురుగుమందు. తులసి మీద ఆ ఈగలు మూగడం చూసి, నాలుగాకులు నలిపి తనే వేసింది. తుంచే ముందు "ఏమనుకోకు తల్లీ" అంది. గీసేవాళ్ల దగ్గర కల్లు పట్టే పాత మట్టి లొట్లు తెచ్చి, వాటిలో ఎర పోసి కొమ్మలకు కట్టింది.

తోటంతా తీయని వాసన. ఆ వాసనకు ఈగలు వచ్చాయి, అత్తకు నిద్ర దూరమైంది. ఈగకు పెట్టింది ఇంకెవరి నోట్లో పడుతుందోనని పగలంతా చెట్టు చెట్టుకూ తిరిగేది.

ఆ ఆదివారం నాకు బడి లేదు, మిట్టమధ్యాహ్నం ఆమె వెనక నేనూ ఉన్నాను. దారి పక్క చెట్టుకు తాడు వేలాడుతోంది. లొట్టి లేదు.

అత్త తాడు పట్టుకుని చూసింది. "పశువైతే పగలగొట్టేది. ముడి ఇప్పిండ్రు. మనిషే." ఆ తర్వాత పొద్దు వైపు చూసింది. "మీ నాయిన వచ్చే యాళ్ల అయింది."

నాయన మిర్యాలగూడ బియ్యం మిల్లులో హమాలీ. ఆదివారం ఈ దారినే ఇంటికి వస్తాడు. కల్లంటే ప్రాణం. ఎర కట్టింది ఆ వారమే, ఆయనకు తెలియదు. లోపల చచ్చిన ఈగలున్నా అనుమానపడడు. కల్లులో ఈగలు పడడం మామూలే, తువ్వాలతో వడగట్టి తాగుతారు.

అత్త పరుగెత్తింది. కాలువ కట్ట మీద గొర్లు కాసే పెద్దాయన ఎదురయ్యాడు.

"నీ తమ్ముడా? గా తుమ్మచెట్టు కింద కూసుండు. సేతుల లొట్టి ఉంది. నన్ను గూడ రమ్మన్నడు, గొర్లను ఇడిసి ఏడ పోను?"

నాయన కనిపించాడు. తువ్వాల అడ్డం పెట్టి లొట్టిలోంచి తాటాకు దొప్పలోకి వంచుతున్నాడు. పరుగుకు అత్తకు అరిచే ఊపిరి లేదు. నేనే అరిచాను, "నాయినా, తాగకు!" గాలి ఎదురుగా ఉంది. అన్నానికి పిలుస్తున్నామనుకుని చెయ్యి ఊపాడు. దొప్ప ఎత్తాడు.

అత్త ఆగింది. నడుముకున్న వడిసెల తీసి, ఒక్కసారి తిప్పి వదిలింది. ఆమె మనిషి మీదికి గురిపెట్టడం అదే మొదలు, అదే ఆఖరు. దొప్ప ఎగిరిపోయింది. లొట్టి పక్కకు ఒరిగింది.

నాయన దెబ్బ తగిలిన చెయ్యి పట్టుకుని లేచాడు. "ఏందక్కా గిది? అడిగితే నీకూ పోసెటోన్ని గద. కల్లంత మట్టిల పాయె."

"కల్లు గాదు తమ్మీ, ఈగల మందు. నోట్ల పడ్డదా?"

"సుక్క గూడ పోలే" అన్నాడు నాయన.

అత్త నమ్మలేదు. కాలువలో చేతులూ నోరూ కడిగించి, పొద్దు గూకేదాకా ఎదురుగా కూర్చోబెట్టుకుంది. "కండ్లు తిరుగుతున్నయా?" అని మాటిమాటికీ అడిగింది. "నువ్వు అడిగినప్పుడల్లా తిరుగుతున్నయి" అన్నాడు నాయన. అప్పుడు గాని ఆమె ఏడవలేదు.

మర్నాడు లొట్లన్నీ పగలగొడతానంది. పగలగొడితే తోట ఉండదు, తోట లేకుంటే నా బడి ఉండదు. ఆ వారమంతా అత్త రాత్రులు కూడా లొట్లకు కాపలా కాసింది. మరుసటి ఆదివారం నాయన గోనెసంచి మోసుకొచ్చాడు. నిండా హమాలీల తెగిన చెప్పులు.

"లొట్టికొకటి కట్టు అక్కా. చెప్పు తగిలిన లొట్టిని నాసొంటోడు గూడ నోటికి పెట్టుకోడు."

దారినపోయేవాళ్లు నవ్వేవాళ్లు. "అత్తా, గిది తోటనా, చెప్పుల దుకాణమా?"

"నీ కాలిది గూడ ఇచ్చి పో. ఇంకో లొట్టి ఉంది" అనేది.

మళ్లీ ఏ తాడూ ఖాళీగా వేలాడలేదు. ఆ తోట మీదే నేను సూర్యాపేటలో చదువు పూర్తి చేశాను.

ఇప్పుడు జామ కాపు మీద ఉంది. దినం అయిన మర్నాడు నాయన, తోటలోని అత్త గుడిసె గడప దగ్గరున్న ఆమె టైరు చెప్పులు చేతిలోకి తీసుకున్నాడు. ఎవరికైనా ఇస్తాడేమో అనుకున్నాను. ఆయన దారి పక్క చెట్టు దగ్గరికి నడిచాడు. లొట్టిలో ఎర పోసి, కొమ్మకు కట్టి, దానికి ఆ చెప్పులు కట్టాడు. ముడి లాగి చూశాడు, మళ్లీ లాగి చూశాడు.

గాలి వచ్చినప్పుడల్లా ఆ రెండు చెప్పులూ ఒకదానికొకటి తగులుతున్నాయి. ఎవరో చెట్టు చెట్టుకూ నడుస్తున్న చప్పుడు.