గింజ కొరికేవాడు

ఆదోని పత్తి మిల్లులో నాది తేమ చూసే పని. రోజూ ఎమ్మిగనూరు నుంచి బస్సులో వెళ్తాను. మీటరుతోనే చూస్తాను గానీ, నాకు చివరి మాట గింజదే. పత్తిలోంచి ఒక గింజ తీసి పంటి కింద పెడతాను. టప్పున పగిలితే ఎండింది, మెత్తగా నలిగితే పచ్చి. మార్కెట్ యార్డులో హమాలీగా చేసిన మా నాయన నేర్పిన విద్య అది.

ఆ మధ్య క్వాలిటీ ఇన్‌చార్జి ఉద్యోగం ఖాళీ అయింది. పోటీలో ఇద్దరమే, నేనూ, పక్క టేబుల్ దగ్గర పనిచేసే, నేను అన్నా అని పిలిచే ఆయనా. తోబుట్టువు కాదు, పదేళ్లుగా నాతో ఒకే క్యారియర్ విప్పుకుని తిన్నవాడు. ఉద్యోగస్తులు తమ పని గురించి రాసుకునే ఒక వెబ్‌సైటులో నాకు ఖాతా తెరిపించిందీ ఆయనే. తేమ శాతాల గురించి నేను పొడిపొడిగా రాసింది చదివి పెదవి విరిచాడు.

"ఇది ఎవురైనా రాస్తారప్పా. గింజ కొరికేది రాయి. మీ నాయన సంగతి రాయి. నువ్వెవరో తెల్లాల గదా."

రాశాను. చాలామంది మెచ్చుకున్నారు. గుంటూరు నుంచి ఒకాయన, మా తాతా ఇంతే అన్నాడు. బస్సులో నవ్వుకుంటూ చదువుతుంటే కింద అన్న రాసిన వ్యాఖ్య కనబడింది, శుభ్రమైన ఇంగ్లీషులో. మా మిల్లులో పరీక్షలన్నీ యంత్రాలతోనే జరుగుతాయి, ఇది రాసినవారి సొంత అలవాటు మాత్రమే, అని.

మర్నాడు యజమాని పిలిచాడు.

"మీటరు కొనిచ్చినాను గదప్పా. కొనేటోళ్లు సూస్తే ఏమనుకుంటారు? తీసెయ్ దాన్ని."

తీసేశాను. ఆ రాతలోంచి గింజతో పాటు మా నాయన కూడా పోయాడు. వారం తిరక్కుండా ఉద్యోగం అన్నకిచ్చారు.

అన్న నోరు తెరిచి అడిగితే ఆ ఉద్యోగం నేనే వదులుకునేవాడిని అని అందరితో అన్నాను. అబద్ధం, వదులుకునేవాడిని కాదు. కానీ నమ్మించి గొంతు కోయడానికి మా నాయనే దొరికాడా అని ఇప్పటికీ కడుపు మండుతుంది.

మొన్నొక లోడు వచ్చింది. మీటరు ఎండిందనే చూపించింది. అన్నకి మనసొప్పలేదు. అటూ ఇటూ చూసి, గుప్పిట్లో గింజలు తెచ్చి నా ముందు పెట్టాడు.

"ఒకపారి కొరికి సూడప్పా."

కొరికాను. మెత్తగా నలిగింది. ఉమ్మేసి నీళ్లు తాగాను.

"మన మిల్లులో అంతా యంత్రాలే గదన్నా. మీటరు ఏం సెప్తే అదే రాసుకో" అన్నాను.