ఎడమ మడమ లేవలేదు

2022 ఎండాకాలం. కరోనా సద్దుమణిగి, నిలిచిపోయిన విమానాలన్నీ మళ్ల నిండుగ ఎగురుతున్న రోజులు. తార్నాకల మందుల దుకాణం మీద, మొదటి అంతస్తుల నా ఫిజియోథెరపీ క్లినిక్ ఉంటది. రెండు మంచాలు, నడుం గుంజే ఒక ట్రాక్షన్ మిషిను, గోడకు వెన్నెముక బొమ్మ, గంతే. మోకాళ్లు అరిగిన పెద్దోళ్లు వస్తరు, యూనివర్సిటీ లైబ్రరీల పొద్దంత వంగి చదివి మెడలు పట్టేసుకున్న పిల్లలు వస్తరు. నా మెట్లు ఒక పైలట్ ఎక్కుతడని నేను ఎన్నడూ అనుకోలే.

తోల్కొచ్చింది వాళ్లమ్మ. మల్కాజ్‌గిరి అనసూయమ్మ మోకాళ్లకు ఎన్నో ఏండ్ల సంది నా దగ్గరకే వస్తది. ఆ పొద్దు ఆ మోకాళ్ల నొప్పులామె ముందుగాల పైకొచ్చింది. ముప్పై నాలుగేండ్ల కొడుకు రెయిలింగ్ పట్టుకొని వెనక వచ్చిండు.

"శైలజమ్మా, మావోడు ప్రవీణ్. విమానం నడుపుతడు. నడుం పట్టేసింది. మా పక్కింటామె ఎదురుకాళ్లతోని పుట్టిందమ్మా, ఆదివారం ఆదివారం ఆమెతోని తన్నించిన. అయినా తగ్గలే."

తల్లి కడుపులకెళ్లి కాళ్లు ముందుగాల బయటికొచ్చి పుట్టినోళ్లు తంతే నడుం పట్టు వదులుతదని మన దగ్గర నమ్మకం. కూలి పనికి పోయేటోళ్లు తన్నించుకుంటే నేనేమనను. గానీ ఇంతమందిని ఆకాశంలకు తీస్కపోయేటోడు ఇంటిముందట బోర్లా పండుకొని తన్నులు తింటుండంటే నా నెత్తి తిరిగిపోయింది.

"ఏందయ్యా ఇది? మీ కంపెనీల డాక్టరు లేడా?"

"ఉన్నడు మేడం. చెప్తే రాస్తడు. రాస్తే నన్ను కిందికి దించుతరు."

పెద్దాస్పత్రికి పోయినా ఇన్సూరెన్సుల ఎక్కి కంపెనీకి తెలుస్తదని భయం. ఆయన అప్పటికి ఫస్ట్ ఆఫీసర్, అంటే కెప్టెన్ పక్కన కూసునే రెండో పైలట్. కెప్టెన్ చేసే ట్రైనింగ్‌కు అప్పుడే పేరొచ్చింది. ఆ పేరు కోసం పదేండ్ల సంది ఎదురుచూస్తుండు.

"మరి మెడికల్ పరీక్షల దొరకలేదా?"

ముసిముసిగ నవ్విండు. "మా సీనియర్ కెప్టెన్ ఒకాయన నేర్పిండు మేడం. ఆ పొద్దు వేడినీళ్లు మస్తుగ పోసుకోవాలె, గోలి ఏస్కోవాలె, వంగి కాలివేళ్లు ముట్టుకోవాలె. అయిపాయె. ఆయన యూనిఫాం కింద ఎప్పటికీ బెల్టు కట్టుకొనే ఉంటడు."

దీంట్ల నవ్వేటిదేముందో నాకైతే తెల్వలే.

పైలట్ నడుం ఎందుకు పాడైతదో చెప్తా. గంటలకొద్ది ఒకే తీరుగ కూసునుడు. కింద సన్నగ అదురుడు. సీట్ల కూసొనే నడుం తిప్పి పక్కకున్న బరువు బ్యాగు లేపుడు. పూటకో హోటల్, పూటకో పరుపు. నడుం వెనక టవల్ మడత పెట్టుకొమ్మని, లేచి నిలబడి సీటుకు మళ్లి బ్యాగు తీయమని, విమానం దిగినంక బోర్లా పండుకొని చేతుల మీద ఛాతీ లేపమని చెప్పి పంపేటోళ్లే మా పనిల ఎక్కువ. ప్రవీణ్‌కు గూడ గదే చెప్దామనుకున్న. గానీ మెట్లెక్కినప్పుడు ఆయన ఎడమ కాలు నా కండ్లల్ల పడ్డది.

"గోడ పట్టుకో. ఒక్క కాలు మీద నిలబడి మడమ లేపు."

దీన్ని కాఫ్ రైజ్ అంటరు, పిక్క బలం చూసే పరీక్ష. కుడి కాలు టకటక లేచింది. ఎడమ కాలు మీదికొచ్చేసరికి మనిషి మొత్తం ఊగిండు, పండ్లు కొరికిండు, గోడను గీరిండు. మడమ మాత్రం నేల వదల్లే. పిక్క ముట్టి చూస్తే కుడిదానికన్న సన్నబడ్డది. వెన్నెముకల దిండు తీరుగ ఉండే డిస్కు జారి నరాన్ని నొక్కుతున్నది. నొప్పి వేరు, బలం పోవుడు వేరు. నొప్పికి నేను భయపడ, బలం పోతేనే భయపడ్త.

"ప్రవీణ్, విమానం దిగినంక బ్రేకు దేంతోని ఏస్తవ్?"

ముఖం తెల్లబోయింది. "కాళ్లతోని మేడం. పెడల్ పైభాగాన్ని మునివేళ్లతోని తొక్కాలె."

"ఏ కాలు?"

"రెండూ."

అనసూయమ్మ మా ఇద్దరి ముఖాలు చూసి "ఏందిరా, ఏమన్నది?" అన్నది. "ఏం లేదమ్మా, ఎక్సర్‌సైజ్ చెయ్యాల్నట" అన్నడు. తర్వాత నా దగ్గరికొచ్చి, గొంతు తగ్గించి, మేడం అనుడు మాని అక్కా అన్నడు.

"అక్కా, కెప్టెన్ ట్రైనింగ్ అయ్యేదాక ఆగుతా. అయినంక నేనే చెప్తా. నీ కాళ్లు మొక్కుతా."

"నీ కాలు పనిజేస్తలేదంటే నా కాళ్లు మొక్కుతవేందిరా? రన్‌వే మీద అది పలకకపోతే?"

"పక్కన ఇంకో పైలట్ ఉంటడు గదా."

"ఆయన యూనిఫాం కింద ఏమున్నదో నీకు తెల్సు గదా."

బ్యాగు తీస్కొని ఛర్రున పోయిండు. ఆయన కంపెనీకి చిట్టీ రాసే అధికారం నాకు లేదు. చెప్పుడే నా పని, చెప్పిన.

కొన్నాళ్లకు ఒక్కడే వచ్చిండు. ల్యాండింగ్‌ల రెండు బ్రేకులూ తొక్కితే విమానం కుడికి గుంజిందట. ఎడమ కాలు ఆనలే. పక్కనున్న కెప్టెన్ తన పెడల్ తొక్కి సర్దిండట. ఆ కెప్టెన్ ఎవరో కాదు, వేడినీళ్ల ఉపాయం నేర్పిన ఆయననే. "పక్కగాలికి అట్ల గుంజింది లేరా, ఊకో" అన్నడట. వెనక కూసున్నోళ్లెవరికీ తెల్వదు, సామాన్లు దించుకొని పోయిన్రు.

"ఆ వెనక చిన్నపిల్లలున్నరు అక్కా" అన్నడు. మర్నాడే పోయి కంపెనీ డాక్టరుకు తన నోటితోనే చెప్పిండు. టెంపరరీ అన్‌ఫిట్ అని రాసిన్రు, అంటే బాగయ్యేదాక ఎగరొద్దని.

ఆ తర్వాత ఆ పిలగాడు పడ్డ కష్టం నాకు తెల్సు. ఆపరేషన్ ఇప్పుడే వద్దు, కాలు ఇంకా బలహీనపడితే చూద్దామన్నడు సర్జన్. పొద్దుగాల యూనివర్సిటీ రోడ్ల మీద నడిపించిన. చెట్ల కింద రాతి గట్టు మీద ముంగాళ్లు ఆనించి మడమలు లేపించిన. పోటీ పరీక్షలకు ఉరికేటి పిల్లలు మమ్మల్ని దాటి పోతుంటే, విమానం నడిపినోడు గట్టు పట్టుకొని అంగుళం లేస్తే అదే సంబురం. వానలు వచ్చినయ్, పోయినయ్. ఒక పొద్దు ఎడమ కాలు ఒక్కదాని మీదనే లేచి దిగి, మళ్ల లేచి, ఆగకుంట చేసిండు. నేను రోడ్డు మీదనే చప్పట్లు కొట్టిన. డాక్టర్లు గూడ ఫిట్ అని రాసిచ్చిన్రు. ఈ పనిల నేను అంత గర్వపడ్డ రోజు ఇంకోటి లేదు.

ఆ గర్వం ఎక్కువ దినాలు ఉండలే. ట్రైనింగ్‌ల ఆయన జాగ ఎప్పుడో వేరేటోళ్లకిచ్చేసిన్రు. కాంట్రాక్టు గడువు అయిపోయింది, మళ్ల రాసియ్యలే. "శాన నిజాయితీ గల మనిషివి అని మెచ్చుకున్నరక్కా" అని నవ్విండు. వేరే కంపెనీలకు పోతే ఫస్టు ప్రశ్న, ఎందుకు దించిన్రు అనే. ఇప్పుడు విద్యానగర్‌ల, పైలట్లు కావాలనుకునే పిల్లలకు ఒక కోచింగ్ సెంటర్‌ల పాఠాలు చెప్తుండు. కాలు మాత్రం భేషుగ్గ ఉన్నది.

అనసూయమ్మ తన మోకాళ్లకు ఇప్పుడు ముషీరాబాద్ పోతది. ఒకనాడు తార్నాక కూరగాయల దగ్గర ఎదురుపడ్డది. తల తిప్పుకుంటదేమో అనుకున్న. తిప్పుకోలే, సక్కగ నా ముఖంలకు చూసింది.

"నువ్వు నోరు మూసుకుంటే నా కొడుకు కెప్టెన్ అయితుండె బిడ్డా."

నేను చెప్పింది సరైందే. రేపు ఇంకొకడొచ్చినా గదే చెప్తా. అయినా ఇంటికొచ్చి ఏడ్చిన, సిగ్గేముంది.

పోయిన చలికాలం, నెత్తి నెరిసిన మనిషి ఒకాయన వచ్చిండు. మంచి షర్టు, మంచి బూట్లు. కూసునేటప్పుడు రెండు చేతులు కుర్చీకి ఆనించి మెల్లగ కూసున్నడు. షర్టు కింద బెల్టు అంచు ఉబ్బుగ కనిపించింది.

"ప్రవీణ్ మీ గురించి చాలా చెప్పాడు మేడం. మీ చేతిలో మంచి గుణముందట. మా పైలట్లందరికీ ప్రవీణ్ సంగతి తెలుసు." షర్టు మీదికెళ్లే బెల్టు సర్దుకున్నడు. "నడుముకు మీరేం చేసినా సరే. ఆ మడమ లేపించే టెస్ట్ ఒక్కటి మాత్రం వద్దు."

నేను గోడ చూపించిన. "గీడ ముందుగాల అదే చేస్త సార్. లేవండి."

నవ్వి, "అయితే వద్దులెండి" అని లేచిండు. మెట్ల కాడ నిలబడి చూసిన. రెయిలింగ్ పట్టుకొని ఒక్కో మెట్టు దిగి, కిందికి పోయినంక నడుం సక్కగ చేసుకొని, దర్జాగ కారెక్కి పోయిండు.

నిజం చెప్పినోడి పొట్ట కొడితే మిగిలినోళ్లు ఏం నేర్చుకుంటరో ఈ కేసు నాకు నేర్పింది. ప్రవీణ్‌ను చూసి వాళ్లు నొప్పి చెప్పుడు నేర్చుకోలే, నా పరీక్ష తప్పించుకునుడు నేర్చుకున్నరు. మొన్న ఒక పెండ్లికి విమానంల పోయిన. చక్రాలు నేలకు తగలంగనే అందరూ ఫోన్లు తీసిన్రు. నేను మాత్రం ముందు సీటు పట్టుకొని, రెండు మునికాళ్లతోని నేలను గట్టిగ తొక్కుతున్న. విమానం పూరాగ ఆగేదాక నా మడమలు కిందికి దిగలే.