నాలుక బరువు తగ్గిన ట్రైలర్

కరోనాకు ముందటి చలికాలంలో, మనామా శివారులోని ఒక ట్రైలర్ల వర్క్‌షాపులో నన్ను మెకానిక్ నుంచి హిచ్ సెక్షన్ ఫోర్‌మన్‌గా ప్రమోట్ చేశారు. బహ్రెయిన్‌లో చలికాలమంటే ఎడారి క్యాంపుల కాలం. కుటుంబాలకు కుటుంబాలు వంటపాత్రలతో సహా ఇసుకలోకి తరలిపోతాయి. స్తోమత ఉన్నవాళ్లు ఇల్లులాంటి ట్రైలర్‌నే కారుకు తగిలించుకుని వెళతారు. ఆ తగిలింపుకు సరైన హిచ్ అనే ఇనుప సరంజామాను ఎంచడం నా డ్యూటీ.

ట్రైలర్ ముందు పొడుచుకొచ్చే ఇనుప చట్రాన్ని మా వృత్తిలో నాలుక అంటారు. కారు వెనక కొక్కెం మీద అది మోపే బరువు నాలుక బరువు. అది ఎక్కువైతే కారు వెనక భాగం కుంగి, ముందు చక్రాలు తేలికై, స్టీరింగు మాట వినదు. మరీ తక్కువైతే ట్రైలర్ రోడ్డంతా తోక ఊపుతుంది. బరువు పంచే హిచ్‌కు రెండు స్ప్రింగు కడ్డీలుంటాయి. వెనక పడ్డ బరువులో కొంత ముందు చక్రాలకు, కొంత ట్రైలర్ చక్రాలకు పంచడం వాటి పని. సామానంతా సర్దాక నాలుక బరువు తూచి, దానికి తగిన కడ్డీలు వేయాలి. ఖాళీ ట్రైలర్‌ను తూచి వేస్తే తిప్పలు తప్పవు.

అబూ యూసుఫ్ అనే బహ్రెయినీ పెద్దమనిషి సరిగ్గా ఖాళీ ట్రైలరే తెచ్చాడు. అన్నిటికన్నా లావు కడ్డీలు కావాలన్నాడు. పక్క క్యాంపు వాళ్లకు అవే ఉన్నాయట! లావు కడ్డీలు వంగవు, కుదుపంతా చట్రానికి తగులుతుందని చెప్పి, సామానుతో రమ్మన్నాను. ఆయన అటు వెళ్లగానే డ్రైవర్ లచ్చన్న నా దగ్గరకొచ్చాడు. జగిత్యాల వైపు మనిషి.

"సారూ, జర మంచిగ జూడుర్రి. తమ్ముని పెండ్లి ఉన్నది. బండి మంచిగ నడిస్తే చుట్టీ ఇస్తనని మా సేటు జబాన్ ఇచ్చిండు. నిరుడు గూడ గిట్లనే ఇచ్చిండు, పంపలే."

చుట్టీ అంటే సెలవు. జబాన్ అంటే నాలుక. ఇచ్చిన మాటను కూడా జబానే అంటారు.

కొద్దిరోజులకు సామానుతో వచ్చారు. దారంతా ట్రైలర్ ఊగిందట. అబూ యూసుఫ్ మండిపడుతున్నాడు. లచ్చన్నకు డ్రైవింగే రాదని, ఇంకోసారి ఊగితే చుట్టీ ఖలాస్ అని అందరి ముందూ ప్రకటించాడు. లచ్చన్న ముఖంలో నెత్తురుచుక్క లేదు.

నేను వెనక తలుపు తీశాను. జనరేటర్, బొగ్గు బస్తాలు, నీళ్ల డ్రమ్ములు, మజ్బూస్ అనే మాంసం అన్నం వండే, ఇద్దరు మనుషులు కూర్చోగలిగే డేగిసా, అన్నీ వెనకే. వంటకు చేతికందేలా ఉండాలని అబూ యూసుఫ్ తల్లి ఆజ్ఞ. ట్రైలర్‌ను కారు నుంచి విప్పించి నాలుక కింద కాటా పెడితే ముల్లు కదిలీ కదలనట్టుంది. కారణం దొరికిన సంబరంలో, ఆయనకు అర్థమయ్యే గల్ఫు హిందీలో గట్టిగా అనేశాను.

"అబూ యూసుఫ్, తుమారా జబాన్‌మే వజన్ నై!"

వర్క్‌షాపులో రెంచీల చప్పుడు ఆగిపోయింది. నేనన్నది ట్రైలర్ నాలుకకు బరువు లేదని. నీ మాటకు విలువ లేదన్నానని ఆయన అర్థం చేసుకున్నాడు. చుట్టీ సంగతి నాకు చేరవేశాడనుకుని, ఎర్రబడ్డ ముఖంతో లచ్చన్న వైపు తిరిగాడు. లచ్చన్న కంగారులో తెలుగులోనే మొదలుపెట్టాడు: "వల్లా, దేవుని మీద ఒట్టు, నేనేం జెప్పలే!"

సర్దిచెప్పబోయి నేను ఇంకా ముంచాను. తప్పు మీది కాదు, మీ అమ్మగారి వల్లే జబాన్ తేలికైందన్నాను. ఆయన నా మీదికి ఒక అడుగు వేశాడు. ఇక మాటలతో లాభం లేదని ఆయన చెయ్యి పట్టుకుని ఆ ఇనుప నాలుక మీద పెట్టించి, ఎత్తమన్నాను. అంత ట్రైలర్ ముందు భాగం ఆయన చేతుల్లో లేచింది.

దాన్ని చూశాడు. తర్వాత లచ్చన్నను చూశాడు.

బరువైన సామాను చక్రాలకు కాస్త ముందుకు మార్పించి మళ్లీ తూచాను. మొత్తం బరువులో ఉండాల్సిన పదోవంతు దాటింది. మధ్యరకం కడ్డీలు బిగించి, కారు ముందు భాగం మరీ లేవలేదని కొలిచి చూసుకుని, హైవే మీదకు పంపాను. లచ్చన్నే నడిపాడు. ట్రైలర్ బుద్ధిగా వెంట వెళ్లింది.

తిరిగొచ్చాక అబూ యూసుఫ్, ఇప్పుడు తన జబాన్‌లో వజన్ ఉందా అని అడిగాడు. ఇనుపదానికి నేను పూచీ అన్నాను. ఆయన పెద్దగా నవ్వి లచ్చన్న వీపు చరిచాడు. "యల్లా, టికెట్ తీసుకో. పెళ్లికి వెళ్లు."

హిచ్‌ను ట్రైలర్‌ను చూసి కాదు, సర్దిన సామానును తూచి ఎంచాలని కొత్తగా చేరినవాళ్లకు ఆనాటి నుంచి మొదటి పాఠంగా చెప్పాను. కస్టమర్ల దగ్గర మాత్రం రిటైరయ్యేదాకా "ముందు బరువు" అనే అన్నాను. జబాన్ అనే మాట, కస్టమర్ వెంట చుట్టీ కోసం ఎదురుచూసే డ్రైవర్ ఉన్నప్పుడే వాడాను.