ధారూరు దాకా

వికారాబాద్‌ల తాండూరు బస్సెక్కితే, నా పక్కన కూసున్న పిల్ల ఫోన్‌ల వీడియో కాల్ పెట్టి ఒక పెద్దామెకు తాను రాసిన కంప్యూటర్ ప్రోగ్రాం ఇంగ్లీషుల వివరిస్తుంది. అనంతగిరి ఘాటుల సిగ్నల్ పోయింది.

"కాల్ కట్టయిందా బిడ్డా?" అన్న.

"నాకు కట్టయినా ఆమె పోదక్కా, మీటింగ్‌ల అట్లనే ఉంటది. కెన్యాల ఉంటది, నా మెంటర్. ప్రతి వారం నాకు పని నేర్పుతది. ఈ నెల నన్ను టీం లీడ్ చేసిన్రు."

నేను గూడ ఒకప్పుడు హైదరాబాద్‌ల ప్రోగ్రాములు రాసిన. తెల్వనిది అడిగితే నవ్వుతరని ఎవరినీ అడగలే. ఏడాదికే ఇడిసిపెట్టిన. ఆ సంగతి ఆ పిల్లకు చెప్పలే.

ధారూరు దగ్గర సిగ్నల్ వచ్చింది. ఆ పిల్ల లింక్ నొక్కంగనే పెద్దామె కనబడ్డది, చాయ్ తాగుకుంట కూసోని ఉంది. ఎందుకు లేటయిందని అడగలే. "ఎక్కడ ఆపినం మనం?" అని మాత్రం అన్నది.

నేను కిటికీ దిక్కు తిరిగిన.

ఇప్పటికీ ఆ ఘాటుల సిగ్నల్ పోతే ఫోన్ సంచిల పెట్టను. ధారూరు వచ్చేదాకా చేతిలనే పట్టుకోని కూసుంట. అవతల నా కోసం ఎవరూ లేరని తెలిసి గూడ.