కారం పొడితో గీసిన మా వీధి

ఆ రోజుల్లో యూనివర్సిటీ అంటే నాకు గుంటూరు బస్సులోంచి కనపడే పెద్ద గేటు, అంతే. అయిదో తరగతితో బడి మానేసి మిరపకోతలకు పోయినదాన్ని, ఆ గేటు లోపల నాకేం పని? ఇలా కూర్చుని రాయడం కూడా ఇదే మొదలు. తప్పులుంటే మీరే సర్దుకోండి.

పంచాయతీలో మా వార్డు ఆడవాళ్లకు వచ్చిందని మా ఆయన నా చేత నామినేషన్ వేయించాడు. గెలిచింది నేను, మీటింగులకు వెళ్లేది ఆయన. (సంతకం మాత్రం నాదే. అది బాగానే పెట్టేదాన్ని.) కొత్త మెంబర్లకు యూనివర్సిటీలో ట్రైనింగ్ అంటే అక్కడికీ ఇద్దరం వెళ్లాం. తలుపు దగ్గర ట్రైనింగ్ ఇచ్చే మేడం "మెంబరు ఎవరండీ?" అని అడిగింది. "నేనేనండి" అన్నాడు మా ఆయన. మేడం చేతిలో కాగితం చూసి, "ఫోటోలో చీర కట్టుకున్నారే!" అంది. పాపం, ఆయన సాయంత్రం దాకా బయట టీ కొట్టు దగ్గరే కూర్చున్నాడు.

లోపల మేడం చెప్పింది: "మీ వార్డులో ఏది ఉందో ఏది లేదో నేల మీద ముగ్గు వేసినట్టు గీసి చూపించండమ్మా. చదువు రానివాళ్లకు కూడా అర్థమవుద్ది." చర్చి వెనక ఉన్న మా వీధికి కుళాయి లేదు. పత్తి చేల అవతల బోరు దాకా వెళ్లి బిందెలు మోసుకురావాలి. పంచాయతీ ఆఫీసు మ్యాపులో అసలు మా వీధే లేదు. మండలం ఆఫీసరు గారు గ్రామసభకు వస్తున్నారు, కొత్త పైపులు ఎక్కడ వేయాలో ఆ రోజే తేలుతుంది.

సభ రోజు మేడం తన స్టూడెంట్లను వెంటబెట్టుకుని పొద్దున్నే వచ్చింది. సభ జరిగే చర్చి ముందు నేల మీద ఊరంతా గీశాం. కుళాయి ఉన్న ఇల్లు పచ్చ, లేని ఇల్లు ఎరుపు. మా వీధి దగ్గరికొచ్చేసరికి ఎర్ర రంగు అయిపోయింది. "ఇప్పుడెలా అక్కా?" అన్నారు పిల్లలు. మిరపకాయల ఊళ్లో ఎరుపుకి కరువా? ఇంట్లోకి పరిగెత్తి డబ్బా తెచ్చాను. మా అత్త వెనకే వచ్చింది. "ఒసేయ్, నిన్ననే పట్టించాను! ఏడాది కారం నేలపాలు చేస్తావటే?" "ఒక్క వీధే అత్తా" అని మా వీధంతా కారంతో నింపేశాను. ఎంత ముచ్చటగా ఉందో!

ఆఫీసరు గారు వచ్చి మ్యాపుకి అవతల కుర్చీలో కూర్చున్నారు. "సార్‌కి చెమట పడతంది" అంటూ మా ఆయన, పెళ్లిళ్లకు తెచ్చే పెద్ద ఫ్యాను మ్యాపుకి ఇవతల పెట్టి, సారు వైపు తిప్పి, స్విచ్ వేశాడు.

ఇక చూడండి! మేడం తుమ్ము, పిల్లల తుమ్ములు, పైపులు వేయాల్సిన సారు రెండు చేతులతో కళ్లు మూసుకుని, "ఏందయ్యా ఇది! ఏ వీధమ్మా కారంతో గీసింది?" అని కేకలు. నేలమీద చూస్తే మా వీధి లేదు. జవాబు చెప్పమని మా ఆయన వైపు చూశాను. నోరు తెరిచి ఆయనా తుమ్మాడు. మీటింగులో నేను నోరు విప్పింది అప్పుడే. "మా వీధేనండి. ఇన్నాళ్లకి మీ కంట్లో పడింది సార్!"

"ముందు నీళ్లు తెండమ్మా" అన్నారు సారు. తీరా చూస్తే వచ్చినవాళ్ల కోసం పెట్టిన నీళ్లన్నీ పిల్లలు ఎప్పుడో తాగేశారు. "మజ్జిగ పొయ్యమంటారా బాబూ?" అంది మా అత్త. ఆయన "పొయ్యమ్మా తల్లీ" అని మొహం చాపారు. మొహమంతా తెల్లగా చేసుకుని, "నీళ్లెక్కడుంటాయి?" అన్నారు. "రండి సార్, చూపిస్తా" అని బిందె చంకన పెట్టుకుని ముందు నడిచాను. పత్తి చేల గట్ల మీద ఆయన ఒక కన్ను మూసుకుని, "ఇంకా ఎంతమ్మా?" "ఇంకొంచెం సార్." మళ్లీ "ఇంకా ఎంత?" "అదిగో సార్, ఆ చేను దాటాక." మొహం కడుక్కుని, నా నెత్తి మీద నిండు బిందె చూసి, తిరిగొచ్చేటప్పుడు ఆయన అడుగులు లెక్కపెడుతూ నడిచారు. మొదటి పైపు మా వీధికే వచ్చింది.

ఇప్పుడు కొత్త మెంబర్లు వచ్చినప్పుడల్లా మేడం నన్ను యూనివర్సిటీకి పిలుస్తుంది. ఎర్ర రంగు రెండు పొట్లాలు తెచ్చుకోమని ముందే చెబుతాను. తలుపు దగ్గర "మెంబరు ఎవరండీ?" అని అడిగే పని కూడా నాదే. మొన్న ఒక పిల్ల మొగుడి వెనక నక్కి, కొంగు చివర నలుపుకుంటూ నిలబడింది. అచ్చం నేనే. నవ్వొచ్చింది. ముక్కులో కొంచెం ఘాటు కూడా.