సూడి గొర్రెలు

జూనియర్ కాలేజీలో ఎకనామిక్స్ చెబుతూ ఏళ్ల తరబడి ఒక తప్పు చెప్పాను. మార్కెట్టూ పెట్టుబడిదారీ విధానమూ ఒకటేనన్నాను. పిల్లలు రాసుకున్నారు, మార్కులూ పడ్డాయి. తప్పని నాకు తెలిసేసరికి మా బాపు మంద పోయింది.

బాపు కొత్తకోట చుట్టుపక్కల గొర్లు కాసేవాడు. ఎండాకాలం రైతుల చెలకల్లో మంద పెట్టేవాడు. చెలకకు ఎరువు, మాకు జొన్నలు. అది అమ్మకమూ కాదు, దానమూ కాదు. పండుగ ముందు పొటేళ్లను అంగడికి తోలేవాడు. తువ్వాల కింద బేరగాడి వేళ్లు పట్టుకుని ధర చెప్పేవాడు. కుదరకపోతే చెయ్యి లాక్కుని ఇంటికి మళ్లించేవాడు. ఎవరైనా సూడి గొర్రెను అడిగితే తువ్వాలే తీసేవాడు కాదు. "కడుపుతోటున్నదాన్ని కోతకిస్తరా? పోవయ్యా!" అని కసిరేవాడు. అంగడి అంటే అది. అమ్మనని చెప్పే హక్కు కూడా అమ్మేవాడికి ఉండేది.

తెలంగాణ వచ్చాక చెలకలకు కంచెలు పడ్డాయి, ప్లాట్ల రాళ్లు లేచాయి. మేపడానికి జాగా లేదు. అప్పుడే పట్నం నుంచి ఒకాయన గొర్ల ఫారం పెడతానని వచ్చాడు. మంద ఆయన కొంటాడు, అదే మందకు బాపు జీతానికుంటాడు. అత్తసొమ్ము అల్లుడు దానం చేసినట్టు నేనే ముందుపడి ఒప్పించాను.

"నువ్వు సదువుకున్నదానివి బిడ్డా, నీ ఇష్టం" అన్నాడు బాపు.

మరుసటి ఏడు పండుగకు ధర పెరిగింది. ఓనరు ఫోన్లోనే సగం మంద అమ్మేశాడు. లారీ వచ్చిన రోజు నేను ఫారంలోనే ఉన్నాను. సూడి గొర్లనూ పట్టుకుంటుంటే బాపు అడ్డం పోయాడు.

"ఇంకో నెలల ఈనుతయి. జర ఆగుండ్రి."

డ్రైవరు ఓనరుకు ఫోన్ కలిపి ఇచ్చాడు. ఆయన అరవలేదు, తిట్టలేదు. మేత ఖర్చెంతో, వచ్చే నెల ధర ఎంతకు పడిపోతుందో ఓపిగ్గా వివరించాడు. నేను క్లాసులో చెప్పే పాఠమే అది. ఆ గొర్లను ఆయన ఒక్కసారైనా ముట్టుకుని ఎరగడు. అయినా మాట ఆయనదే.

తీరా చూస్తే గొర్లు లారీ ఎక్కలేదు. కొట్టినా, నెట్టినా వెనక్కే వచ్చాయి. అవి బాపు పిలుపుకు తప్ప కదలవు.

"నువ్వే పిలువు పెద్దాయనా" అన్నాడు డ్రైవరు.

బాపు నా దిక్కు చూశాడు. "పిలువాల్నా బిడ్డా?"

బాపు జీతం పోతుందని భయపడి, పిలవమన్నాను. ఆ మాటకు ఇప్పటికీ నన్ను నేను క్షమించుకోలేదు.

బాపు పిలిచాడు. ఒక్కొక్కటే నడిచి ఎక్కాయి, సూడివే ముందు.