మేకప్ మాస్టారి బుగ్గలు

నాటకాల వాళ్లకు ముఖాలు దిద్దే మేకప్ మాస్టారు, కడుపులో క్యాన్సరని తేలాక తన ముఖం కూడా దిద్దుకోవడం మొదలుపెట్టారు. ఆస్పత్రికి వెళ్లే రోజు అద్దం ముందు కూర్చుని, చిటికెన వేలితో బుగ్గలకు ఎరుపు అద్ది, అరచేత్తో మెల్లగా కలిపేస్తారు. మెట్లెక్కేటప్పుడు ఆయాసానికి ఆగి గోడ పట్టుకుంటారు. "ఏమైందండీ?" అని భార్య కంగారు పడితే, "గోడ పడిపోతుందేమోనని పట్టుకున్నానే" అంటారు. ఒంట్లో రక్తం చాలడం లేదని కీమో ఇప్పటికే రెండుసార్లు వాయిదా వేశారు. ఈసారీ ఆపితే కడుపులోది ఊరుకోదని ఆయనకు తెలుసు.

ఆ రోజు నర్సమ్మ ఆయన్ను చూసి, "బాబాయ్, పెళ్లికొడుకులా వచ్చారే!" అంది. ఆయన గెలిచినట్టు భార్య వైపు చూశారు. నర్సమ్మ నవ్వుతూనే ఆయన కింది రెప్పను వేలితో కిందికి లాగింది. లోపల సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది. ఆమె నవ్వు ఆగిపోయింది. రక్తపరీక్షలోనూ అదే తేలింది.

"ఇవాళ కూడా మందు ఎక్కించరు బాబాయ్."

"డాక్టరుగారిని ఒక్కసారి నా ముఖం చూడమనమ్మా. చూస్తే ఒప్పుకుంటారు."

చెమటకు ఎరుపు కరిగి మెడ మీదికి చారికలుగా దిగుతోంది. భార్య కొంగు చేతిలోకి తీసుకుంది గానీ, తుడవడానికి చెయ్యి రాలేదు.